కుజుడి బండికి కల్యాణ సావు

మొదటి అనపకాయలు మదనపల్లి మార్కెట్టుకు వచ్చిన వారంలోనే మా హేమ కూడా వచ్చింది. హేమ నా తమ్ముడి కూతురు. బెంగళూరులో బస్సెక్కి, అమ్మానాన్నలున్న పుంగనూరు పోకుండా నేరుగా మదనపల్లిలో మా ఇంటి గేటు తీసిందంటే, అమ్మకు చెప్పలేనిదేదో అత్తకు చెప్పుకోవడానికి వచ్చిందన్నమాట. ప్రేమ వ్యవహారమేమోనని నేను కాస్త ఆశపడ్డాను కూడా. మా వంశంలో ఆ ముచ్చట ఇంతవరకూ ఎవరూ తీర్చలేదు. కానీ పిల్ల చెప్పులు విడిచి, సంచి మూలన పడేసి, "అది పోయిందత్తా" అని గోడకు చేరగిలబడి కూర్చుంది. నేను నానిన అనపగింజలు గిన్నెలోకి తీస్తున్నదాన్ని చేయి తుడుచుకుని వచ్చాను. ఎవరు పోయారని అడగాల్సిన పని లేకపోయింది. మా ఇళ్ళలో అందరికీ తెలుసు, హేమకు అది అంటే ఒక్కటే.

మన దేశం అంగారకుడి చుట్టూ తిప్పిన నౌక ఉందే, దానితో మాట్లాడే గదిలో హేమ ఉద్యోగం. మావైపు అంగారకుణ్ణి కుజుడనే అంటాం కాబట్టి ఆ నౌకను మేం కుజుడి బండి అంటాం. హేమ జాతకంలో కుజదోషం ఉందని మా మరదలు చేయని పూజ లేదు, తిరగని గుడి లేదు. చివరికి పిల్ల పోయి కుజుడి చుట్టూ బండి తోలే పనిలోనే చేరింది. రోజూ పలకరించేవాళ్ళ మీద ఆయనకు మాత్రం కోపమెందుకుంటుందిలే అని నేను మరదల్ని ఊరడించేదాన్ని. ఆ బండి ఆరు నెలలు పనిచేస్తే చాలనుకుని పంపారట. అది ఎనిమిదేళ్ళు తిరిగింది. తిరిగి తిరిగి ఇంధనం అడుగంటిన సమయంలో పొడుగాటి గ్రహణపు నీడలోకి పోయింది. ఎండ తగల్లేదు, బ్యాటరీ చల్లారింది, పిలిస్తే పలకడం మానేసింది. పిలిచినవాళ్ళలో హేమ ఒకతె. చాలా రోజులు పిలిచారు. ఆ తర్వాత పెద్దలు కూర్చుని ఇక రాదని తేల్చారు. హేమకు కొత్త పని ఇచ్చారు, ఇంకొక నౌక తయారవుతోంది, సోమవారం నుంచి దాని దగ్గరికి పోవాలి.

"నేను పోనత్తా. రాజీనామా ఇస్తాను. ఇంగొకదాన్ని సాకి, అదీ పలక్కుండా పోయేదాకా పిలుస్తా కూసోవల్నా? నా చేత గాదు" అంది. ఇరవైలు దాటిన పిల్ల, ఇంజనీరు, బెంగళూరులో నలుగురిలో నెగ్గుకొచ్చేది, మా ఇంటి గోడ దగ్గర మోకాళ్ళలో ముఖం పెట్టుకుంది. నేనేమో ఫక్కున నవ్వాను. తప్పే. కానీ ఆరు నెలలన్నది ఎనిమిదేళ్ళు బతికిందని వినగానే నాకు మా పెద్దవ్వ గుర్తొచ్చింది, మా పెద్దవ్వ గుర్తొచ్చాక నవ్వకుండా ఉండడం నా వల్ల ఎప్పుడూ కాలేదు. హేమ ఎర్రటి కళ్ళతో చూసింది. "కోపం చేసుకోబాకు పాపా, ఈ గింజలు నాతోబాటు పితుకు, ఒక సంగతి సెప్తాను" అని గిన్నె ఇద్దరి మధ్యా పెట్టాను.

మా పెద్దవ్వ పేరు మునెమ్మ. మా తాతకు అమ్మ. నా చిన్నతనమంతా కుప్పం నుంచి శాంతిపురం పోయే దారిలోని మా ఊళ్ళో, ఆమె కొంగు పట్టుకునే గడిచింది. ఆ ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళం. పురుగులకు నడిమిల్లు, మనుషులకు వసారా. వాటికి మల్బరీ ఆకు వేశాక నడిమింట్లోంచి సన్నని వాన పడుతున్నట్టు చప్పుడు వచ్చేది, అన్ని నోళ్ళు ఒక్కసారి నమిలే చప్పుడు. ఇల్లంతా పచ్చి ఆకు వాసన, తట్టల తడి వాసన. ఘాటు వాసన తగిలితే పురుగులు మేత మానేస్తాయని ఇంట్లో తాళింపు పెట్టనిచ్చేది కాదు పెద్దవ్వ. అందుకని మా పొయ్యి పెరట్లో, మా వంట ఎండలో, వానొస్తే తాటాకు గొడుగు కింద. ఊళ్ళో అందరి ఇళ్ళలో పిల్లల్ని గట్టిగా అరవొద్దంటారు పెద్దవాళ్ళు నిద్రపోతున్నారని. మా ఇంట్లో పురుగులు నిద్రపోతున్నాయని అరవొద్దనేవాళ్ళు. ఆ పురుగుల గది గుమ్మంలోనే కూర్చుని ఆమె నశ్యం పీల్చి, ఇల్లదిరేట్టు తుమ్మేది. ఆ వాసనకూ, ఆ చప్పుడుకూ పురుగులేమీ అనుకోవని ఆమె నమ్మకం.

కుప్పం స్టేషను రైలు కూతలే ఆమెకు గడియారం. పొద్దుటి రైలుకు లేచి కళ్ళాపి, మధ్యాహ్నం రైలుకు సంగటి కెలకడం, సాయంత్రం రైలుకు అందర్నీ లెక్క చూసుకోవడం. రైలు ఆలస్యమైతే మాకు కూడు ఆలస్యమయ్యేది. రాగిసంగటి ముద్ద చేతిలో తిప్పి తిప్పి నున్నగా చేసి, మధ్యలో గుంట పెట్టి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి వేసి ఇచ్చేది. ఇంటికి వచ్చినవాళ్ళను ముందు తిన్నావా అని అడిగి, తర్వాతే నువ్వెవరని అడిగేది. ఒకసారి పన్ను వసూలుకు వచ్చినతను తిని, నడుం వాల్చి, మజ్జిగ తాగి, వచ్చిన పని మరిచి పోయాడని మా నాయన చెప్పి నవ్వేవాడు.

అలాంటి మనిషి ఒకనాడు మల్బరీ తోటలో కళ్ళు తిరిగి పడిపోయింది. మదనపల్లి పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన గుండె చూసి, మా తాతను పక్కకు పిలిచి, మహా అయితే ఆరు నెలలు అన్నాడు. గుసగుసగానే అన్నాడు కానీ పెద్దవ్వ చెవులు పాము చెవులు. తిరుగు బస్సులో ఆమె కుప్పం దాకా పక్క సీట్లో మనిషి మారినప్పుడల్లా కొత్తవాళ్ళకు "ఆర్నెల్లంట నాకు" అని గొప్పగా చెప్పుకుంటూ వచ్చిందట. మా తాత కిటికీలోంచి తల తిప్పలేదట. ఆమె ఒళ్ళో ఒక మామిడి మొక్క ఉంది. బస్సెక్కే ముందు మదనపల్లి స్టాండులో కొన్నది. ఆ మొక్కను బావి పక్కన నాటి, కాయలు కాయించి, పండ్లు తిని, బుట్టెడు పండ్లు ఆ డాక్టరుకు పంపింది. అప్పటికి ఆయన రిటైరై ఊరు వదిలిపోయాడని బుట్ట వెనక్కి వచ్చింది. పాపం ఆయనకు ఒంట్లో బాగుండాదో లేదో అని పెద్దవ్వ విచారించింది.

అయితే ఆరు నెలల మాట విన్న రోజునుంచి ఆమెకు ఒకే ఒక కోరిక పట్టుకుంది. మావైపు, అరవదేశం అంచున, నిండా బతికి, మనవల్నీ మునిమనవల్నీ ఎత్తుకుని ఆడించి పోయిన ముసలివాళ్ళ చావును కల్యాణ సావు అంటారు. అక్కడ ఏడుపు ఉండదు. పలకలు, అంటే డప్పులు, కొడతారు, బొరుగులూ బంతిపూలూ చల్లుతారు, కొడుకులూ మనవలూ పాడె ముందు చిందులు వేస్తూ పోతారు. మునిమనవలు నేతి దివిటీలు పట్టుకుని చుట్టూ తిరుగుతారు. పెళ్ళికి వచ్చినట్టే కొత్త చీరలు కట్టుకుని వస్తారు జనం. పెద్దవ్వకు అలాంటి సాగనంపు కావాలి, అందులో కొడుకు ఆడాలి. ఆ కొడుకు, అంటే మా తాత నారాయణప్ప, పుంగనూరులో బడి హెడ్మాస్టరు. ఇస్త్రీ పంచె, జేబులో రెండు రంగుల పెన్నులు, నవ్వితే క్రమశిక్షణ చెడుతుందని నమ్మకం. చదువుకున్న ఇంట్లో పీనుగ ముందు చిందులేమిటని ఆయన తెగేసి చెప్పాడు. "ఏడిసేదానికి అందురూ ఉండారు. నా కొడుకు ఆడల్ల. ఆడకపోతే నేను సావను, సూస్తా ఉండు" అని ఆమె కూడా తెగేసి చెప్పింది. సెలవులకు ఆయన వచ్చినప్పుడల్లా ఇదే వాదన. ఆయన ఆడనన్నాడు, ఆమె చావలేదు. ఏళ్ళు గడిచాయి.

ఇక్కడ మా గంగులప్ప సంగతి చెప్పాలి. అప్పుడు ఫోను పోస్టాఫీసులో మాత్రమే ఉండేది. ఊళ్ళో ఎవరన్నా పోతే చుట్టాల ఊళ్ళకు కబురు తీసుకుపోయే మనిషి గంగులప్ప. ఆ కబురుకు ఒక పద్ధతి ఉంది. తెచ్చినవాడు లోపలికి అడుగు పెట్టడు, గేటు దగ్గరే నిలబడతాడు. మంచినీళ్ళిస్తే తీసుకోడు. నోటితో చెప్పడు. చావు మాట నోట చెప్పించకూడదని మా ఆచారం, చూసినవాళ్ళే అర్థం చేసుకోవాలి. అందువల్ల గంగులప్ప ఏ వీధి మలుపు తిరిగినా ఆ వీధివాళ్ళు లోలోపల తమ ముసలివాళ్ళను ఒకసారి తలుచుకునేవాళ్ళు. ఒక చలికాలం పెద్దవ్వకు పాలు అరగడం లేదని, పుంగనూరు పొట్టి ఆవు పాలైతే తేలికని, తాత ఆ ఊళ్ళో ఒక ఆవును మాట్లాడి పెట్టాడు. దాన్ని తోలుకు రమ్మని మా నాయన గంగులప్పను పంపాడు. వేరే మనిషి దొరక్క పంపాడు, అంతే.

గంగులప్ప తెల్లారి మొదటి బస్సుకే పుంగనూరులో దిగి, వక్కాకు వేసుకుని, బడి గేటు దగ్గరికి వచ్చాడు. బడి ఆవరణలో ఉమ్మినవాళ్ళ చేతే తాత నేల కడిగిస్తాడని ఆయనకు తెలుసు. నోటినిండా వక్కాకు. మింగలేడు, ఉమ్మలేడు. గేటు బయటే నిలబడ్డాడు. బంట్రోతు మంచినీళ్ళు తెస్తే వద్దని తల అడ్డంగా ఊపాడు. ఏం పని మీద వచ్చావంటే మాట్లాడలేదు. వరండాలోకి వచ్చిన మా తాత అది చూశాడు. చేతిలో సుద్దముక్క జారిపోయింది. గంగులప్ప ఉమ్మడానికి చోటు కోసం అటూ ఇటూ చూస్తుంటే, దుఃఖంలో ఉన్నాడనుకుని తాత చెయ్యెత్తి, "సెప్పబాకు గంగులప్పా. అర్థమయింది" అన్నాడు. వెంటనే లాంగ్ బెల్ కొట్టించాడు. పిల్లలు కేరింతలు కొడుతూ బయటపడ్డారు, ఆయన ఏడుస్తూ రోడ్డు మీదికి పోయాడు. గంగులప్ప గోడ వెనక్కి పోయి ఉమ్మి, నోరు కడుక్కుని వచ్చేసరికి తాత బస్సెక్కేశాడు. అక్కడే ఉన్న బంట్రోతు, మీ పెద్దవ్వ పోయిందట కదా అన్నాడు. గంగులప్ప, నేను దారిలో ఉండగా పోయిందేమో, నాకంటే ముందే ఎవరో కబురు తెచ్చారేమో అనుకుని, తానూ బావురుమని, తన బాధ్యత తాను నెరవేర్చాడు. పుంగనూరునుంచి వెనక్కి వస్తూ, దారిలో మా చుట్టాలున్న ప్రతి ఊళ్ళోనూ దిగి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆవు పుంగనూరులోనే ఉండిపోయింది.

మా తాత కుప్పంలో దిగాడు. దిగినవాడు నేరుగా ఇంటికి రాలేదు. పలకల చిన్నప్ప ఇంటికి పోయాడు. ఏ నోటితో ఇన్నేళ్ళు వద్దన్నాడో ఆ నోటితోనే, "అమ్మ అడిగింది సిన్నప్పా, రా, కొట్టు" అన్నాడట. ఆ మాట చిన్నప్ప నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. 

నేను పెరట్లో పెద్దవ్వ పక్కన కూర్చుని అనపగింజలు పితుకుతున్నాను. నానిన గింజను రెండు వేళ్ళతో నొక్కితే పైపొట్టు జారి, లోపలి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. ఆమెవి గిన్నెలో పడుతున్నాయి, నావి నా జుట్టులో పడుతున్నాయి. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. రోడ్డు మీద పలకలు వినిపించాయి. పెద్దవ్వ చేయి ఆపి, చెవి ఒగ్గి వింది. "ఎవురో పోయినట్లుండారే. అదృష్టవంతురాలు, బాగా కొడతాండారు" అంది. పలకలు దగ్గరకొచ్చాయి. మా సందు తిరిగాయి. మా గేటు దగ్గరికే వచ్చాయి. ముందు మా తాత, చేతిలో బంతిపూల దండ, పంచె ముడతలు పడిపోయి, పెన్నులు లేవు. నేను తాతను పెన్నులు లేకుండా చూడడం అదే మొదలు.

"ఎవురప్పా పోయింది నారాయణప్పా?" అని అడిగింది పెద్దవ్వ.

పలకలు ఆగిపోయాయి. మా తాత దండ పట్టుకునే వచ్చి అనప పొట్టులో కూలబడి, ఆమె ఒళ్ళో తల పెట్టేశాడు. ఆమె ఆయన తల నిమురుతూ మా అందరి ముఖాలూ చూసింది. దండ చూసింది. చిన్నప్పను చూసింది. మెల్లగా ఆమెకు అర్థమైంది. అర్థమయ్యాక నవ్వింది చూడండి, నశ్యం డబ్బా దొర్లిపోయింది, కట్టుడు కొప్పు ఊడిపోయింది. ఈలోగా గంగులప్ప పుణ్యమా అని చుట్టాలు రావడం మొదలైంది. గేటు దాకా శోకాలు పెడుతూ రావడం, లోపల కూర్చున్న శవాన్ని చూసి టక్కున ఆపడం, ఆ తర్వాత తిట్టాలో నవ్వాలో తెలియక నిలబడడం. ఒకావిడకు ఎక్కిళ్ళు పట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదు. అందరికంటే చివర గంగులప్ప వచ్చాడు. పెద్దవ్వను చూసి ఆయన పారిపోబోతే పట్టుకొచ్చి కూర్చోబెట్టారు.

అప్పుడు పెద్దవ్వ వచ్చినవాళ్ళు ఊరికే పోగూడదంది. పలకలు వచ్చాయి కాబట్టి మోగాలంది. పురుగులు నిద్రలో ఉన్నాయని మా అమ్మ గుర్తు చేస్తే, అవి కూడా లేచి వింటాయిలే అంది. వసారాలో కుర్చీ వేయించుకుని, దండ మెడలో తానే వేసుకుని కూర్చుంది. దివిటీలు కావాలంది. పాత పంచె చింపి కర్రలకు చుట్టి, నెయ్యిలో ముంచి, మునిమనవలందరి చేతికీ ఇచ్చారు. మధ్యాహ్నపు ఎండ ఇంకా మండుతూనే ఉంది. నెత్తి మీద సూర్యుడు, చేతిలో దివిటీ. మంట కూడా కనపడటం లేదు, నెయ్యి వాసన మాత్రం వస్తోంది. నేను ఆమె కుర్చీ దగ్గర ఆగి, ఇంత ఎండలో దివిటీ ఎందుకని అడిగాను. దారి చీకటిగా ఉంటుందా అని కూడా అడిగాను.

"దోవ నాకెందుకు కనపడల్ల మే, పోయేదే గదా" అంది పెద్దవ్వ. "నేను ఎనక్కి తిరిగి సూస్తే మీరు కనపడల్ల. దానికి."

చిన్నప్ప పలక ఎత్తుకున్నాడు. మొదట ఎవరూ కదల్లేదు. అందరూ మా తాత వైపు చూస్తున్నారు. ఆయన లేచాడు. పంచె ఎగ్గట్టాడు. బడిలో డ్రిల్లు చేయించే మనిషి కాబట్టి ఆ చిందులు కూడా డ్రిల్లు లాగే మొదలయ్యాయి, ఒకటి రెండు, ఒకటి రెండు. నాలుగు దెబ్బలు పడ్డాక డ్రిల్లు పోయింది. ఆయన ఎగిరాడు, తిరిగాడు, గంగులప్పను లాగి ఆడించాడు, పంచె జారితే ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేయి గాల్లో ఊపాడు. పెద్దవ్వ కుర్చీలోంచి "ఆడప్పా, ఆడు నాయనా" అంటోంది, కళ్ళనిండా నీళ్ళు కారిపోతున్నాయి. ఆ రోజు మా ఇంట్లో పొంగిన సంతోషం నేను ఇంకే పెళ్ళిలోనూ చూడలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎక్కడన్నా నెయ్యి కాలిన వాసన వస్తే నా పాదాలు నా మాట వినవు. అందరికీ సంగటీ పితికిపప్పూ పెట్టారు. చిన్నప్పకూ ఆయన మేళానికీ మాత్రం గేటు బయట, ఆకుల్లో, ఎత్తి పోసిన నీళ్ళతో. పెద్దవ్వ ఎంత గొప్పదైనా ఆ గీత దాటలేదు. ఆ సంగతి దాచిపెట్టి మిగతాదంతా చెప్పడం నాకు చేతకాదు.

ఆ తర్వాత కూడా ఆమె కొన్నేళ్ళు బతికింది. మొత్తం ఎనిమిదేళ్ళని హేమతో చెప్పాను. నిజానికి ఎన్నో నాకు తెలియదు, ఆ పూట అలా కలిసొచ్చింది. నిజంగా పోయిన రోజున గంగులప్పే మళ్ళీ పుంగనూరు పోయాడు. గేటు దగ్గర నిలబడితే ఎవరూ నమ్మలేదు. ఏం, ఈసారి ఎద్దు కావాలా అని నవ్వారు. బడిలోంచి మా తాత కూడా నవ్వుతూనే వచ్చాడు. గంగులప్ప నోరు తెరిచి చూపించాడు. నోట్లో వక్కాకు లేదు. తాత ఆ ఖాళీ నోటి వైపు చూసి, ఆ రోజు లాంగ్ బెల్ కొట్టించకుండా, తరగతికి చెప్పవలసిన లెక్క పూర్తి చేసి, బయల్దేరాడు. పాడె ముందు మొదటి అడుగు ఆయనదే. నా చేతిలో దివిటీ ఉంది. పెద్దవ్వ వెనక్కి చూస్తోందని నాకు గట్టి నమ్మకం, అందుకని నాకు ఏడుపు రాలేదు.

గిన్నె నిండేసరికి హేమ నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అంతు పట్టలేదు. పప్పు గింజలు ఆమె జుట్టులో కూడా ఉన్నాయి. పితికిపప్పు పులుసు పెడితే రెండు ముద్దలు సంగటి తినింది. చేయి కడుక్కుని వచ్చి, "మాదానికి ఎవురూ పలక కొట్టలేదత్తా" అంది. నేను ఫోను తీశాను. పలకల చిన్నప్ప మనవడు మురళి ఇప్పుడు కుప్పంలో బ్యాంకు ఉద్యోగి. ఆదివారాలు మాత్రం స్నేహితులతో మేళం కడతాడు. అందులో ఒకరు టీచరు, ఒకరు గ్రానైటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కల్యాణ సావు ఉందప్పా అన్నాను. ఎవరికమ్మా అన్నాడు. యంత్రానికి అన్నాను.  "వయసెంత ఉంటాదమ్మా?" అని అడిగాడు. ఆరు నెలలన్నారు, ఎనిమిదేళ్ళు బతికింది అన్నాను. అయితే కల్యాణ సావే, వస్తాం అన్నాడు.

ఆదివారం పుంగనూరులో మా తమ్ముణ్ణీ మరదల్నీ ఎక్కించుకుని మా ఊరు చేరాం. ఇప్పుడు నడిమింట్లో పట్టుపురుగులు లేవు, తాళింపు ఇష్టమొచ్చినట్టు పెట్టుకోవచ్చు. నాకు అది ఒక్కటే వెలితిగా అనిపించింది. చుట్టూ తిరగడానికి శవం లేదు, ఆ బండి ఇంకా కుజుడి చుట్టూ తిరుగుతూనే ఉంటుందట, పలకదు అంతే. పోనీ ఫోటో పెడదామంటే అక్కడికి పోయాక దాన్ని ఫోటో తీసినవాళ్ళు లేరు. అది తీసినవన్నీ కుజుడివే. అందుకని అది తీసిన బొమ్మనే ఫోనులో పెట్టి, చెంబుకు ఆనించి, చెంబుకు బంతిపూల దండ వేశాం. గుండ్రంగా, ఎర్రగా ఉంది. పొరుగింటి లచ్చమ్మవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి, కళ్ళు చికిలించి చూసి, మదనపల్లి టమోటాకు యాల దండేసినారు అని అడిగింది. ఆనాడు పెద్దవ్వ ముందు ఆడినవాళ్ళలో ఆమె కొత్త కోడలు. ఇప్పుడు ఈమే ఊరికి పెద్దవ్వ. జరిగింది చెప్పాను. ఆమె ఏమాత్రం నవ్వలేదు. పద్ధతిగా విచారణ మొదలుపెట్టింది. నిండా బతికిందా అంది, బతికింది. చెప్పిన పని చేసిందా అంది, చేసింది. ఇంక ఆమె హేమ వైపు తిరిగింది.

"మనవలుండారా? మనవలు ల్యాకుండా కల్యాణ సావు ఎట్లయితాది?"

హేమ నా వైపు చూసింది. నేను పలకల వైపు చూశాను. ఈ ప్రశ్నకు నేను బదులు చెప్పకూడదని నాకు తెలుసు.

"ఉండాది అవ్వా. ఇంగొకటి తయారవుతాండాది" అంది హేమ.

"యాడ?"

"బెంగళూర్లో."

"దాన్నెవురు సూసుకుంటాండారు మరి, నువ్వు ఈడుంటే?"

హేమ నోరు తెరిచింది. గంగులప్ప నోరు లాగే అందులో ఏమీ లేదు. ఆ తర్వాత చిన్నగా, "నేనే అవ్వా. రేపు పోతాండాను" అంది. మా మరదలు నా చేయి గిల్లింది, ఆ గిల్లుడు గుర్తు ఇంకా ఉంది. లచ్చమ్మవ్వ తృప్తిగా తల ఊపి, అయితే దివిటీ నువ్వే పట్టు, దాని తరపున, అని తీర్పు చెప్పింది.

మిట్టమధ్యాహ్నం ఎండలో మా హేమ నేతి దివిటీ పట్టుకుని, చెంబు చుట్టూ తిరిగింది. మురళి పలక ఎత్తుకున్నాడు. చిన్నప్ప దెబ్బే, అచ్చంగా అదే దెబ్బ. దారిన పోయే ఆటో ఆగింది, ఆటోలోవాళ్ళు దిగి ఎవరు పోయారని అడిగి, విని, నమ్మక, ఆడారు. మా తమ్ముడు తాత లాగే డ్రిల్లుతో మొదలుపెట్టాడు. నా మోకాళ్ళ సంగతి డాక్టరుకు తెలుసు, ఆయన ఇక్కడ లేడు, నేనూ ఆడాను. హేమ ఒకచోట ఆగి, దివిటీ పైకెత్తి, ఆకాశం వైపు పట్టుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. అయిపోయాక మురళీ మేళమూ మా వసారాలో మాతోబాటే వరుసలో కూర్చుని పితికిపప్పు తిన్నారు. ఉప్పు తక్కువైందని మురళి మొహమాటం లేకుండా చెప్పాడు. వాళ్ళ తాతకు గేటు బయట ఉప్పు అడిగే వీలు కూడా లేకపోయింది. నా చిన్నతనం ఎంత తీపిదైనా, ఆ ఒక్క ఉప్పురాయి కోసం నేను ఈ కాలాన్నే కోరుకుంటాను.

సాయంత్రం రైలుకు హేమను ఎక్కించడానికి కుప్పం స్టేషనుకు పోయాం. రైలు ఆలస్యం. పెద్దవ్వ ఉంటే మాకు సాయంత్రమే ఆలస్యమయ్యేది. కిటికీ పక్క కూర్చున్న హేమ జుట్టులో ఇంకా ఒక బంతి రేకు ఉంది, చేతులు నెయ్యి వాసన కొడుతున్నాయి. రైలు కూత వేసింది. పిల్ల కిటికీ ఊచలకు ముఖం ఆనించి, కళ్ళు మెరిపిస్తూ, "అత్తా, నీకు కూడా పలకలు కొట్టించల్నా?" అని అడిగింది.

"కొట్టించు" అన్నాను. రైలు కదిలింది, నేను కిటికీ వెంట నాలుగడుగులు నడిచాను. "అయితే కబురొచ్చేదాకా కాసుకోబాకు మే. ముందే రా."